తీసేయమన్న ఆఖరి పేజీ

ఆ పొద్దున కూడా అమ్మడు టీ తాగలేదు.

గ్లాసు వంటింటి గట్టు మీద అలాగే ఉంది. పైన మీగడ కట్టి, ముడతలు పడింది. బైండింగమ్మ ఆ గ్లాసు వంకా, కూతురి గది తలుపు వంకా మార్చి మార్చి చూసింది. లోపల బీరువా తాళం రెండుసార్లు తిరిగిన చప్పుడు వినిపించింది. ఆ ఇంట్లో బీరువాకు తాళం వేసే అలవాటు ఎవరికీ లేదు. దాచుకోవడానికి ఏముందని? నాలుగు చీరలు, ఒక పెళ్లి ఫోటో, రెండేళ్ల కిందట రోడ్డు ప్రమాదంలో పోయిన అల్లుడి చేతిగడియారం.

అమ్మడికి ముప్పై నాలుగేళ్లు. ఆసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గర పని. ఎవరికి ఏ మందు ఎన్ని పూటలో తడుముకోకుండా చెప్పే పిల్ల, మూడు వారాలుగా తన కడుపు సంగతే మరిచిపోయింది. ఉపవాసమమ్మా అంటుంది. ఉపవాసం బైండింగమ్మకు కొత్త కాదు. కానీ ఉపవాసం ఉన్నవాళ్ల కళ్లు అలా నేల చూపులు చూడటం మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

చెప్పులు వేసుకుంటూ అమ్మడు మధ్యాహ్నానికే వచ్చేస్తానని చెప్పింది. ఎందుకని అడిగితే పనుందంది. ఏం పనని అడగబోయేసరికి గేటు పడింది.

బైండింగమ్మ గుమ్మంలోకి వచ్చి, పిల్ల వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. ఎవరు బయటికి వెళ్లినా మలుపు దాకా చూడటం ఆమెకు రెండేళ్లుగా పట్టుకున్న జబ్బు. మలుపు తిరిగాక మనుషులు ఏమవుతారో ఎవరికి తెలుసు?

ముందు గది సగం ఆమెది, సగం టైలరు మరిదిది. అటు వైపు కుట్టు మిషను, ఇటు వైపు బైండింగు బల్ల. భర్త పోయాక కూడా ఆమె పుస్తకాలు కుట్టడం మానలేదు, అందుకే వీధిలో అందరికీ బైండింగమ్మ అయింది. బడికి వెళ్లిన మనిషి కాదు. పుస్తకం వెన్నుకు అతికించడానికి ప్రెస్సువాళ్లిచ్చే చిత్తుకాగితాల మీద భర్త అక్షరాలు చూపిస్తే, ఆ చిత్తులోనే చదువు నేర్చుకుంది. ఇప్పటికీ ఏ కాగితం చేతికొచ్చినా చదవకుండా చింపదు.

"వదినా, జిగురు మాడుతోంది," అన్నాడు మరిది మిషను ఆపకుండా. "నీ ఆలోచనలతో పాటు అదీ ఉడుకుతోంది."

ఆమె గబగబా గిన్నె దించింది.

బల్ల మీద పన్నెండు వాక్య గ్రంథాలు దొంతరగా ఉన్నాయి. పోయిన వారం తెచ్చి పెట్టింది మెత్తచెప్పులాయన. ఆయన అసలు పేరు చెప్పి పిలిచేవాళ్లు లేరు. ఆయన మనుషులు అన్నగారు అంటారు. వచ్చిన అలికిడి వినపడదు, తలెత్తి చూస్తే ఎదురుగా ఉంటాడు కాబట్టి బైండింగమ్మ మాత్రం మనసులో ఆ పేరు పెట్టుకుంది. మాట కూడా చెప్పుల్లాగే మెత్తన. ఊరి చివర గుట్ట మీద ఒక ఇల్లు తీసుకుని కూటాలు పెడుతున్నాడు. అమ్మడు ఆర్నెల్లుగా అక్కడికి వెళుతోంది. చిన్నప్పటి నుంచీ వెళ్లిన సంఘానికి పోవడం మానేసింది.

ఆయన ఇచ్చిన పని చిన్నదే. కూటానికి వచ్చేవాళ్లు తమ ఇళ్ల నుంచి తెచ్చిన ఒక్కో గ్రంథం చివర కొత్త ఫారం, అంటే పదహారు పేజీలుగా మడిచిన అచ్చుకాగితం, కుట్టాలి. ఆ పేజీలు ఈ మధ్యే తనకు దేవుడిచ్చిన ప్రత్యక్షత అట. దానికి చోటు చేయడానికి పాత ఆఖరి పేజీ కోసేయాలి.

"ఆఖరి పేజీ ఎందుకండీ?" అని ఆమె అడిగింది.

"ఎలాగూ చిరిగి ఉంటుంది కదా అమ్మగారూ," అన్నాడాయన నవ్వుతూ. "మీ పని కుట్టడం. చదివే భారం మాకొదిలేయండి."

ఆమె తిరగేసి చూసింది. పన్నెండింటిలో పదకొండింటికి ఆఖరి పేజీ చెక్కుచెదరలేదు.

అప్పుడే వద్దని చెప్పవలసింది. భర్త బతికుండగా మాటిమాటికీ చెప్పిన సూత్రం ఒకటే. వచ్చిన పేజీ పోకూడదు, రాని పేజీ చేరకూడదు. కుట్టక ముందు ఒకసారి, కుట్టాక ఒకసారి లెక్కపెట్టి గాని పుస్తకం గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఆమె నోరు తెరవబోతుండగా మెత్తచెప్పులాయన గొంతు తగ్గించాడు. నమ్మని ఇళ్ల నుంచి పిల్లలు విడిపోయి గుట్ట మీదికి రావాలనే ఆజ్ఞ ఉందన్నాడు. కానీ తల్లే ఈ పనిలో చెయ్యి కలిపితే అది నమ్మిన ఇల్లే అవుతుందట. అమ్మాయి ఇక్కడే ఉండిపోవచ్చట.

"ఇల్లు కలిసుండటం మీ చేతిలోనే ఉందమ్మగారూ."

భర్త, అల్లుడు, ఇక ఈ పిల్ల ఒక్కతే. ఆయన వెళ్లాక చాలాసేపు కూర్చుని, మొదటి పుస్తకం తీసింది. అది అమ్మడిదే. పెళ్లినాడు ఇచ్చింది. మొదటి పేజీలో కూతురి పేరు, అల్లుడి పేరు తండ్రి చేతిరాతతో ఉన్నాయి. ఆఖరి పేజీ కోసింది. ఎందుకైనా మంచిదని వేలి వెడల్పు అంచు వదిలి కోసింది. కొత్త ఫారం కుట్టింది. కోసిన పేజీని చెత్తబుట్టలో వేయలేక బల్ల సొరుగులో పెట్టింది. నాలుగు రోజులుగా ఆ సొరుగు తెరవలేదు. నాలుగు రోజులుగా ప్రార్థనలో మోకాళ్లూనినా మాట రావడం లేదు.

ఈ పొద్దున రెండో పుస్తకం ముట్టుకోవాలి. చెయ్యి రాలేదు. అమ్మడి పుస్తకం వెన్నుకు కాగితం అతికించే పని మిగిలి ఉంటే, అది ముందు చేద్దామనుకుంది. కొత్త ఫారాలు కట్టి తెచ్చిన చుట్టుకాగితం పక్కనే పడి ఉంది. అచ్చు చెడిపోయిన కాగితాలు నాలుగైదు, ఒకదాని మీద ఒకటి. కత్తెర పెట్టబోతూ అలవాటు కొద్దీ చదివింది.

ఒక ఉత్తరం. పైన పేరు ఉండవలసిన చోట చుక్కలు. కింద అచ్చు అక్షరాలు: 'గుమ్మం దగ్గర నువ్వన్న ఆ చివరి మాట నన్ను ఇంకా కట్టేసి ఉంచింది. ఇక్కడ చీకటిగా ఉంది. నీ చెయ్యి నాకు కనపడటం లేదు. అన్నగారి దగ్గర నా పేరు రాయించు, కట్టు వీడుతుంది. నీ వాళ్లు అడ్డం వస్తే ఆగకు. నా చీకటి వాళ్లకు తెలియదు.'

ఏదైనా కథలోదేమో అనుకుంది. కథలో అయితే చుక్కలెందుకు? రెండో కాగితం చూసింది. అదే ఉత్తరం, అవే చుక్కలు, సిరా అలికి ఉంది. మూడోదీ అంతే. కత్తెర పక్కన పెట్టేసింది.

"మరిదీ, చనిపోయినవాళ్ల దగ్గర నుంచి ఉత్తరాలొస్తాయా?"

"బతికున్నవాళ్లవే సరిగ్గా రావడం లేదు," అన్నాడు మరిది. తర్వాత ఆమె మొహం చూసి మిషను ఆపాడు. "ఏమైంది వదినా?"

ఆమె ఏమీ లేదంది. మరిది కాసేపు చేతిలోని తెల్లబట్టను మడతపెట్టి విప్పి, చివరికి నోరు విప్పాడు. శనివారానికి మూడు జతలు కావాలని అమ్మడు మొన్న కొలతలిచ్చింది. గుట్ట మీది ఇంట్లో అందరూ తెల్లవే కడతారట. ఈ సంగతి వదినకు తెలిసే ఉంటుందనుకున్నాడు.

బైండింగమ్మ బల్ల పట్టుకుని కూర్చుంది. ఇల్లు కలిసుంటుందని ఆయన చెప్పింది పోయిన వారం. బట్టల కొలతలు మొన్న. అంటే తల్లికి ఒక మాట, కూతురికి ఒక మాట. పేజీకి పేజీ పోయింది, పిల్లకు పిల్లా పోతోంది.

అప్పుడు సొరుగు లాగింది. కోసిన పేజీని కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక్కో మాటే తాకుతూ చదివింది. ఎన్నోసార్లు చదివిన పేజీయే. ఈ మాటలకు ఎవరూ ఏమీ కలపకూడదని, ఏమీ తీసేయకూడదని గట్టి హెచ్చరిక ఉన్న పేజీ. ఆయన ఆ పేజీనే ఎందుకు కోయమన్నాడో ఇప్పుడర్థమైంది. సూది పట్టుకునే ముసలిదానికి అక్షరం రాదనుకున్నాడు. తప్పు ఆయనదే కాదు. అక్షరం వచ్చి కూడా కోసింది తను.

ఆ తర్వాత కొత్త ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ప్రభువు సిలువ మీద చేసింది ఆరంభమేనట, దాన్ని పూర్తి చేసే పని ఈ కాలంలో ఒక సేవకుడికి అప్పగించారట. ఆ సేవకుడు పేరు రాసుకునేదాకా, నమ్మి చనిపోయినవాళ్లు కూడా చీకటి గదిలోనే ఉంటారట. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. భర్త ఆఖరి ఊపిరిలో పలికిన పేరు ఒకే ఒక్కటి. ఆ పేరు చాలదా?

అంతలోనే తన మీద తనకు అనుమానం వచ్చింది. నేను వాక్యం కోసం భయపడుతున్నానా, పిల్ల నన్ను వదిలిపోతుందని భయపడుతున్నానా? నిజం చెప్పాలంటే రెండూ. ఏ భయం ఎంతో విడదీయడం ఆమె వల్ల కాలేదు. కానీ ఆ పేజీ అబద్ధం ఆడదు, దాన్ని కోసిన చెయ్యి మాత్రం తనది. ఆ రెండూ ఖాయం.

మధ్యాహ్నం అమ్మడు వచ్చింది. భుజాన ఖాళీ సంచి ఉంది. మరిది ఆ సంచి చూసి, గుండీలు కొనాలని వంక పెట్టి బయటికి పోయాడు.

"ఉద్యోగం మానేశావా?" అంది బైండింగమ్మ.

అమ్మడు తడబడలేదు. రాజీనామా ఇచ్చేశానంది. శనివారం బండి వస్తుందంది. ముందే చెబితే తల్లి ఏడుస్తుందని చెప్పలేదట. మొదటి ఏడాది ఎవరినీ కలవకూడదు, తర్వాత అన్నగారు చెప్పినట్టు. అంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

తల్లి కోసిన పేజీ చూపించింది. కొత్త ఫారంలో ఉన్నది చెప్పింది. ఒకసారి బలైన ప్రభువు పని సగంలో ఆగలేదని, సగంలో ఆగిందన్న మాట ఎంత తీయగా ఉన్నా నమ్మకూడదని, చిన్నప్పుడు నాన్న ఒళ్లో కూర్చుని నువ్వు నేర్చుకున్నది అదేనని చెప్పింది. అమ్మడు వినలేదు. వినకూడదని ముందే నిశ్చయించుకున్న మొహం.

"ఇంటివాళ్లు ఇలాగే అడ్డం పడతారని అన్నగారు ముందే చెప్పారు."

"అన్నగారు నాకూ ఒకటి ముందే చెప్పాడు. పేజీ కోస్తే నువ్వు ఇంట్లో ఉంటావన్నాడు."

అమ్మడు సంచి పట్టీ సర్దుకుంది. "నిన్ను పరీక్షించి ఉంటారు."

"అందరినీ ఆయనే పరీక్షిస్తాడు. ఆయన్ను పరీక్షించేదెవరే?"

"నీకు తెలియదమ్మా." అమ్మడు సంచి కింద పడేసింది. "నాకు ఆయన మాట వచ్చింది. మీ అల్లుడి మాట. నాకొక్కదానికే. అన్నగారు ప్రార్థనలో ఉండగా విని రాసి, నాకోసం అచ్చు తీయించి ఇచ్చారు. నేను ఎవరికీ చెప్పని సంగతి అందులో ఉంది."

గదిలోకి వెళ్లింది. బీరువా తాళం రెండుసార్లు తిరిగింది. నాలుగు మడతల కాగితం తెచ్చి, తల్లికి ఇవ్వకుండా తనే చదవసాగింది.

"గుమ్మం దగ్గర నువ్వన్న ఆ చివరి మాట నన్ను ఇంకా కట్టేసి ఉంచింది..."

బైండింగమ్మ చూపు బల్ల మీది అలికిన కాగితాల మీదికి పోయింది. చెప్పాలా? చెబితే పిల్ల చేతిలో ఉన్న ఆ ఒక్క కాగితమూ పోతుంది. చెప్పకపోతే పిల్లే పోతుంది. అమ్మడు ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట, తల్లి మెల్లగా అందుకుంది.

"ఇక్కడ చీకటిగా ఉంది. నీ చెయ్యి నాకు కనపడటం లేదు. అన్నగారి దగ్గర నా పేరు రాయించు, కట్టు వీడుతుంది."

అమ్మడు తలెత్తింది. "నా బీరువా తెరిచావా?"

"లేదు తల్లీ." బైండింగమ్మ సిరా అలికిన కాగితాలు బల్ల మీద పరిచింది. ఒకటి, రెండు, మూడు. పేరు చోట చుక్కలు. అమ్మడి చేతిలోని కాగితంలో ఆ చుక్కల మీద ఎవరో చేత్తో ఆమె పేరు రాశారు. "ఫారాలు చుట్టి తెచ్చిన చిత్తు ఇది. చదవకుండా ఏ కాగితమూ చింపలేను కదా."

అమ్మడు నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. వరస వరసా వేలు పెట్టి పోల్చింది. మందుచీటీ సరిచూసినట్టు రెండుసార్లు పోల్చింది. ఆ తర్వాత ఏడవలేదు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తలుపు చూస్తూ బైండింగమ్మ కూర్చుంది. గెలిచినట్టు లేదు. ఆ పిల్ల మొగుణ్ని రెండోసారి తనే చంపినట్టుంది. చేతులు ఊరికే ఉండలేక కూతురి పుస్తకం ముందుకు లాక్కుని, కొత్త ఫారం కుట్టు ఒక్కో పోగే విప్పసాగింది. వేసిన కుట్టు విప్పడం వేయడం కంటే కష్టం. లాగితే కాగితం చిరుగుతుంది.

చివరి పోగు వస్తుండగా తలుపు తీసిన చప్పుడైంది. అమ్మడు వచ్చి నేల మీద, తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"మరి ఆయన ఎక్కడున్నారమ్మా? ఏమనుకుంటూ పోయారు? నేనన్న మాట నీకు తెలియదు. మళ్లీ నీ ముఖం చూపించకు అన్నానమ్మా. కుళాయి బాగు చేయించలేదని. కుళాయి కోసం అన్నాను."

తల్లి సూది బల్ల మీద పెట్టింది.

"తెలుసే," అంది బైండింగమ్మ. "వంటింట్లోంచి విన్నాను."

కూతురు తల తిప్పి చూసింది.

"ఆ రోజు టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్లాడు. మలుపు దాకా పరుగెత్తి ఇచ్చాను. నాకు సిగ్గేసి, దాని మాట పట్టించుకోకు బాబూ అన్నాను. నవ్వాడు. దానికి కోపమొస్తే నా మీద కాక ఇంకెవరి మీద వస్తుంది అత్తయ్యా, సాయంత్రం నేనే ముందు మాట్లాడతాలెండి అన్నాడు. డబ్బా ఊపి చూసి, ఇంత కోపంలోనూ గుడ్డు పెట్టింది చూడండి అన్నాడు."

"రెండేళ్లు," అంది అమ్మడు. "రెండేళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

బైండింగమ్మ విప్పిన దారం పోగు వేలికి చుట్టుకుంది. చాటుగా విన్నానని తెలిస్తే పిల్ల చిన్నబుచ్చుకుంటుందనుకుంది. పుండు రేపినట్టవుతుందనుకుంది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం మరీ కష్టమైంది. నిజమైన మాట తన నోట్లోనే ఉంచుకుని తాళం వేసింది, ఆ ఖాళీలోకి అబద్ధం అచ్చు వేయించుకుని వచ్చింది. అదే చెప్పింది, చెబుతూ ఏడ్చింది. పేజీ కోసినప్పటి నుంచి నాలుగు రోజులుగా ప్రార్థన రాని సంగతి కూడా చెప్పింది.

"అల్లుడు ఇప్పుడు ఏమంటున్నాడో నాకు తెలియదు తల్లీ. తెలుసని చెబితే నేనూ ఆ చెప్పులాయన లాంటిదాన్నే. ఎవరి చేతిలో ఉన్నాడో తెలుసు. ఆ చేతికి జాబితా అక్కర్లేదు. నువ్వన్న మాటకు క్షమాపణ కావాలంటే అడుగు. అడగడానికి గుట్ట ఎక్కనక్కర్లేదు."

అప్పుడు ఏడ్చింది అమ్మడు. తల్లి ఒళ్లో తల పెట్టి, మాటలు లేకుండా మొదలుపెట్టి, చివరికి మాటలతో ప్రార్థించింది. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో ఇద్దరి గొంతులూ కలిసి వినిపించాయి. గుండీలు కొని ఎప్పుడో వచ్చేసిన మరిది, లోపలికి రాలేక అరుగు మీద తలవంచుకుని కూర్చున్నాడు.

సాయంత్రం మెత్తచెప్పులాయన వచ్చాడు. అలికిడి లేదు, తలెత్తితే ఎదురుగా ఉన్నాడు. పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు. బైండింగమ్మ పదకొండు గ్రంథాలూ, పన్నెండు కొత్త ఫారాలూ విడివిడిగా కట్టి ముందుకు జరిపింది.

"ఈ పని నేను చేయను బాబూ. చేసిన ఒక్కటీ విప్పేశాను. ఈ ఆఖరి పేజీలు ఎవరివి వాళ్ల పుస్తకాల్లోనే ఉన్నాయి. నాకు చదవడం వచ్చు."

ఆయన నవ్వు చెదరలేదు. అమ్మడి వైపు తిరిగి, అమ్మ భయాన్ని దాటి రావాలని మెత్తగా చెప్పాడు. చీకట్లో ఒకరు ఎదురు చూస్తున్నారని గుర్తు చేశాడు.

"అన్నగారూ, ఒక్కటి చెప్పండి," అంది అమ్మడు. "ఆయనతో గుమ్మం దగ్గర నేనన్న మాట ఏది?"

"అది మీ ఇద్దరి మధ్య మాట. నా నోట పలకకూడదు."

"మీరు విని రాశారుగా. మా అమ్మకు కూడా తెలుసు. చెప్పండి."

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. అది ప్రేమ లేని మాట అన్నాడు, భర్త మనసు ఎంతో గాయపడిందన్నాడు. అమ్మడు తల్లి వంక చూసింది. ఆ చూపులో డబ్బా ఊపుతూ నవ్విన మనిషి ఉన్నాడు. ఆమె నాలుగు కాగితాలూ ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ అలికిన సిరా వంక చూశాడు, అప్పుడు మాత్రం నవ్వు పోయింది. ఇలాంటి ఇంటికి తీర్పు ఆలస్యం కాదని అంటూ కట్టలు తీసుకుని వెళ్లాడు. గుమ్మంలో తడబడ్డాడు. మొదటిసారి ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఆ మిగతా పదకొండుమందికి ఎవరు చెబుతారమ్మా?" అంది అమ్మడు.

"పుస్తకాల్లో పేర్లున్నాయి. చదివాను. రేపటి నుంచి ఒక్కో గుమ్మమే ఎక్కుదాం. తిడతారేమో."

"తిట్టనీ," అంది అమ్మడు. "నేను మాత్రం నిన్ను తక్కువ అన్నానా?"

తల్లి అంచుకు సన్నగా జిగురు రాసింది. కూతురు కోసిన పేజీని రెండు చేతులతో పట్టుకుని, గీతకు గీత కలిపి ఆనించింది. మడత నొక్కే చెక్కతో బైండింగమ్మ మెల్లగా రుద్దింది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. సరిపోయింది.

"అతుకు కనపడుతోందమ్మా."

"కనపడనీ."

మరునాడు పొద్దున అమ్మడు టీ గ్లాసు ఖాళీ చేసి బోర్లించింది. రాజీనామా వెనక్కి తీసుకుంటానని అడగడానికి ఆసుపత్రికి బయలుదేరింది. ఇస్తారో ఇవ్వరో తెలియదు. మరిది ఆ తెల్లబట్టను ఏం చేయమంటావని అడిగితే, దిండు గలీబులు కుట్టు బాబాయ్, ఇక నిద్ర పడుతుందేమో చూద్దాం అంది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని ఆగింది. వెనక్కి తిరిగి తల్లి ముఖం నిండుగా చూసింది.

"వెళ్లొస్తానమ్మా."

"వెళ్లిరా తల్లీ," అంది బైండింగమ్మ. కూతురు మెట్లు దిగేదాకా చూసింది. మలుపు ఇంకా దూరంగా ఉండగానే లోపలికి తిరిగి, సూదిలో దారం ఎక్కించుకుంది.